మట్టిలోంచి లోహాన్ని లాగే విద్యుత్తు

నేలలో చేరే కాలుష్యాలన్నిటిలోనూ భార లోహాలది ప్రత్యేకమైన మొండితనం. పురుగుమందులైనా, పెట్రోలు వంటి కర్బన పదార్థాలైనా ఎండకూ గాలికీ సూక్ష్మజీవులకూ లోనై, కొన్ని ఏళ్లకో కొన్ని దశాబ్దాలకో విరిగి వేరే పదార్థాలుగా మారిపోతాయి. సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, పాదరసం వంటి లోహాలూ, పూర్తిగా లోహం కాకపోయినా వాటితో కలిపే లెక్కించే ఆర్సెనిక్కూ మూలకాలు కనుక ఇక విరగడమన్నది వాటికి లేదు. నేలలో పడిన సీసం రూపం మార్చుకోవచ్చు, ఒక చోటినుంచి మరో చోటికి కదలవచ్చు, మొక్క వేళ్లలోకి ఎక్కవచ్చు, అంతేగాని నశించదు. జపాన్‌లోని తొయామా ప్రాంతంలో జింజూ నది ఎగువనున్న గనులనుంచి కొట్టుకొచ్చిన కాడ్మియం వరిపొలాల్లో చేరి, ఆ బియ్యం తిన్నవారి మూత్రపిండాలను దెబ్బతీసి ఎముకలను పెళుసుబార్చింది. ‘ఇటాయ్-ఇటాయ్’ అని పేరుపడిన ఆ వ్యాధిని కాలుష్యం వల్ల వచ్చినదిగా జపాన్ ప్రభుత్వం 1968లో గుర్తించింది. ఆ పొలాల్లో పాడైన మట్టిని తీసి పాతిపెట్టి, పైన మంచి మట్టి పరిచే పని దశాబ్దాల పాటు సాగింది.

ఈ బాధ తెలుగు నేలకూ కొత్త కాదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు మట్టిని పరీక్షించి 2001లోనూ, కాటేదాన్ పారిశ్రామిక ప్రాంతపు మట్టిని పరీక్షించి 2008లోనూ ప్రచురించిన పరిశోధనల్లో క్రోమియం, సీసం, జింక్ వంటి లోహాలు సహజంగా ఉండవలసిన స్థాయిని మించి పేరుకున్నట్టు తేల్చారు. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే వచ్చే తమిళనాడు పట్టణం రాణిపేటలో, మూతబడిన ఒక క్రోమేట్ కర్మాగారం ఆవరణలో లక్ష టన్నులకు మించిన క్రోమియం వ్యర్థాలు పేరుకుపోయి, చుట్టుపక్కల మట్టినీ భూగర్భ జలాన్నీ పాడుచేశాయి. ఇలాంటి చోట్ల నేలను తవ్వి, లారీలకెత్తి, ప్రమాదకర వ్యర్థాల పూడ్చివేత కేంద్రానికి తరలించడమే అందరికీ తోచే మార్గం. హైదరాబాద్ శివారు దుండిగల్‌లో అటువంటి కేంద్రం ఉంది. కాని తరలింపుతో మట్టి శుభ్రపడదు, దాని చిరునామా మాత్రమే మారుతుంది. పైగా తవ్వేటప్పుడు లేచే విషపు ధూళిని పీల్చేది ఆ పనిలోని కూలీలూ పక్క బస్తీవాళ్లూ.

నేలను కదిలించకుండానే కడగవచ్చు కదా అన్న ఆలోచన సహజమే. ఇసుక నేలల్లో అది సాధ్యమే: ఒక పక్కనుంచి నీటినో రసాయన ద్రావణాన్నో ఎక్కించి, మరో పక్క బావిలోంచి తోడితే అందులో కరిగిన లోహం బయటికి వస్తుంది. బంకమట్టిలో ఈ ఉపాయం పారదు. బంకమట్టి రేణువులు కంటికి కనిపించనంత సన్నని పలకలు. వాటి మధ్య సందులూ అంత సన్నవే. గట్టి బంకమట్టిలో నీరు తన బరువుకు తానుగా దిగే వేగం సెకనుకు సెంటీమీటరులో కోటో వంతు, అంటే ఏడాదంతా గడిచినా సుమారు మూడు సెంటీమీటర్లు. అదీగాక లోహం ఎక్కువగా అంటిపెట్టుకునేది కూడా ఈ బంకమట్టి రేణువులనే. రేణువు ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది, లోహపు అయాన్లలో, అంటే విద్యుదావేశం కలిగిన పరమాణువులలో, చాలావాటిపై ధనావేశం ఉంటుంది. అందుచేత ఒకదాన్నొకటి పట్టుకుని విడవవు. లోహం దాగే చోటు ఏదో, నీరు చొరబడలేని చోటు కూడా అదే. విద్యుత్తు విలువ తెలిసేది ఇక్కడే, ఎందుకంటే అది నీరు వెళ్లలేని సందుల్లోకి కూడా వెళ్లగలదు.

ఈ విద్య మూలాలు చాలా పాతవి. మాస్కో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ ఫ్రెడరిక్ రాయిస్, తడి బంకమట్టి గుండా విద్యుత్తును పంపితే నీరు రుణధ్రువం వైపు కదులుతుందని గమనించి 1809లో ప్రకటించాడు. వోల్టా తొలి బ్యాటరీని తయారుచేసి అప్పటికి పదేళ్లయినా కాలేదు. 1930ల్లో జర్మనీలో లియో కాసగ్రాండే అనే ఇంజనీరు దీన్ని బురదనేలలను ఆరబెట్టి గట్టిపరచడానికి వాడుకలోకి తెచ్చాడు. రైలుమార్గాల కోసం తవ్విన కోతల్లో గట్లు జారిపోకుండా విద్యుత్తుతో నీటిని లాగేశారు. అదే దశాబ్దంలో భారతదేశంలోనూ ఒక ముందడుగు పడింది. పంజాబులో పూరీ, ఆనంద్ అనే శాస్త్రవేత్తలు చౌడు నేలల్లోని సోడియం లవణాలను విద్యుత్తుతో తొలగించే ప్రయత్నం చేసి, దాని ఫలితాలను 1936లో ప్రచురించారు. మట్టిని ఆరబెట్టడానికి కాక, మట్టిలోని అవాంఛిత పదార్థాన్ని తీసివేయడానికి విద్యుత్తును పొలంలో వాడిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. ఈ శాస్త్రం గురించి నేడు రాసే గ్రంథాలు దాన్ని తప్పక ప్రస్తావిస్తాయి, మనవారిలో మాత్రం దాన్ని గుర్తుంచుకున్నవారు తక్కువ. భార లోహాల మీదికి ఈ పద్ధతి మళ్లింది 1980ల్లో. ఆ తరువాత అమెరికాలో లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన యల్చిన్ అజార్, అక్రం అల్షవబ్కే దీనికి సిద్ధాంత పునాది వేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన కృష్ణారెడ్డి, క్లాడియో కమెసెల్లేతో కలిసి 2009లో వెలువరించిన గ్రంథం ఈ రంగంలో పనిచేసేవారికి ప్రామాణికమైంది.

పద్ధతి పైకి చూడటానికి సరళమైనది. కలుషితమైన నేలలో ఒకటి రెండు మీటర్ల ఎడంతో రెండు వరుసల గోతులు తీసి, వాటిలో ఎలక్ట్రోడ్లను, అంటే విద్యుత్తును మట్టిలోకి చేరవేసే కడ్డీలను దించి, చుట్టూ నీరో తగిన ద్రావణమో నింపుతారు. ఒక వరుసను ధనధ్రువానికీ మరో వరుసను రుణధ్రువానికీ కలిపి, ఇళ్లలో వాడే దిశ మారే కరెంటు కాకుండా ఒకే దిశలో పారే ఏకముఖ విద్యుత్తును పంపుతారు. సాధారణంగా సెంటీమీటరు దూరానికి ఒక వోల్టు చొప్పున ఒత్తిడి పెడతారు. ఇనుప కడ్డీ ధనధ్రువంగా ఉంటే తానే కరిగి మట్టిలో చేరిపోతుంది కనుక గ్రాఫైటు కడ్డీలనో, పూతపూసిన టైటానియం కడ్డీలనో వాడతారు.

కరెంటు పారగానే నేల లోపల ఏకకాలంలో రెండు కదలికలు మొదలవుతాయి. మొదటిది అయాన్ల వలస: మట్టి సందుల్లోని నీటిలో కరిగి ఉన్న సీసం, కాడ్మియం, రాగి, జింక్, నికెల్ అయాన్లు ధనావేశం కలవి కనుక రుణధ్రువం వైపు నడుస్తాయి, క్రోమేటు, ఆర్సెనేటు రూపంలో ఉన్న క్రోమియం, ఆర్సెనిక్ రుణావేశం కలవి కనుక ఎదురు దిశలో ధనధ్రువానికి చేరతాయి. ఈ నడక రోజుకు కొన్ని సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు. రెండవది రాయిస్ గమనించిన నీటి కదలిక, దాన్ని విద్యుత్ ద్రవాభిసరణ అంటారు: బంకమట్టి పలకల రుణావేశానికి ఆకర్షితమై వాటిని ఆనుకుని ఉన్న ధన అయాన్ల పొర విద్యుత్తు లాగుడుకు జరుగుతూ, తనతోపాటు సందులోని నీటినంతటినీ ఈడ్చుకుపోతుంది. సెంటీమీటరుకు ఒక వోల్టు ఒత్తిడి మీద ఈ నీరు రోజుకు దాదాపు ఒక సెంటీమీటరు, ఏడాదికి మూడు మీటర్లు కదలగలదు. అదే మట్టిలో తన బరువుకు దిగే నీరు ఏడాదికి మూడు సెంటీమీటర్లే కదిలిందని గుర్తుచేసుకుంటే ఇది వంద రెట్లు. ఇసుకకూ బంకమట్టికీ మామూలు నీటి పారుదలలో లక్షల రెట్ల తేడా ఉంటుంది, విద్యుత్తు కదిలించే నీటి వేగంలో మాత్రం పెద్ద తేడా ఉండదు. ఈ పద్ధతి బలమంతా ఈ ఒక్క భౌతిక సత్యంలో ఉంది.

కాని రేణువును అంటిపెట్టుకున్న లోహం ఈ రెండు కదలికలకూ అందదు; ముందు అది మట్టిని వదిలి నీటిలోకి దిగాలి. ఆ పనిని కూడా విద్యుత్తే ఆరంభిస్తుంది. ధనధ్రువం దగ్గర నీరు విచ్ఛిన్నమై ఆక్సిజన్ వాయువూ హైడ్రోజన్ అయాన్లూ పుడతాయి, అంటే అక్కడ ఆమ్లం తయారవుతుంది; రుణధ్రువం దగ్గర హైడ్రోజన్ వాయువూ హైడ్రాక్సైడు అయాన్లూ పుట్టి క్షారం తయారవుతుంది. ఆమ్ల క్షారాలను కొలిచే పీహెచ్ అంకె శుద్ధమైన నీటికి 7 కాగా, కొద్ది రోజుల్లోనే ధనధ్రువం వద్ద అది 2 దాకా పడిపోతుంది, రుణధ్రువం వద్ద 12 దాకా పెరుగుతుంది. ధనధ్రువం నుంచి బయలుదేరిన ఆమ్లం మట్టిలోకి చొచ్చుకుపోతూ, చింతపండు పులుపు ఇత్తడి బిందె చిలుమును వదిలించినట్టు, రేణువులనుంచి లోహాన్ని వదిలిస్తుంది. వదిలిన లోహం రుణధ్రువం దిశగా ప్రయాణం కడుతుంది.

చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. రుణధ్రువం నుంచి క్షారం ఎదురొస్తుంటుంది. హైడ్రోజన్ అయాను హైడ్రాక్సైడు కంటే సుమారు 1.8 రెట్లు చురుకుగా కదులుతుంది కనుక ఈ రెండూ రుణధ్రువానికి దగ్గరగా ఒక చోట ఎదురుపడతాయి, అక్కడ పీహెచ్ ఒక్కసారిగా మారిపోతుంది. అప్పటివరకు కరిగి వచ్చిన సీసం, రాగి, కాడ్మియం ఆ సరిహద్దు దాటగానే హైడ్రాక్సైడులుగా గడ్డకట్టి, సందులను పూడ్చి, విద్యుత్తుకే అడ్డుపడతాయి. మట్టినంతా దాటివచ్చిన లోహం గమ్యానికి జానెడు దూరంలో ఆగిపోవడం ప్రయోగశాలల్లో పనిచేసినవారందరికీ ఎదురైన నిరాశే. దీనికి విరుగుడుగా రుణధ్రువపు గోతిలో ఎసిటిక్ ఆమ్లమో నైట్రిక్ ఆమ్లమో కలుపుతూ అక్కడ పుట్టే క్షారాన్ని ఎప్పటికప్పుడు చంపడం, లేదా సిట్రిక్ ఆమ్లం, ఈడీటీఏ వంటి, లోహాన్ని చుట్టి పట్టుకుని గడ్డకట్టనివ్వని పదార్థాలను వాడడం మొదలైంది. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎలక్ట్రోడ్లకూ మట్టికీ మధ్య ఒక జాతి అయాన్లనే దాటనిచ్చే పొరలను అమర్చి, క్షారాన్ని మట్టిలోకే రానివ్వని పద్ధతిని రూపొందించారు.

ప్రయోగశాల దాటి పొలంలోకి దిగిన తొలి అనుభవాల్లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్ పేరెన్నికగన్నది. అక్కడి ఒక పాత రంగుల కర్మాగారపు స్థలంలో 1987లో, 70 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతు గల నేలకు 43 రోజుల పాటు, రోజుకు పది గంటల చొప్పున విద్యుత్తు పెట్టారు. మొదట్లో కిలో మట్టికి 300 నుంచి 5000 మిల్లీగ్రాముల దాకా ఉన్న సీసం 70 శాతం మేరకూ, 500 నుంచి 1000 మిల్లీగ్రాముల దాకా ఉన్న రాగి 80 శాతం మేరకూ తగ్గాయి. ఘనమీటరు మట్టికి ఖర్చయిన విద్యుత్తు 65 యూనిట్లు. యూనిట్ ధర ఏడు రూపాయలనుకుని ఈ లెక్కను ఎకరానికి అన్వయిస్తే, మీటరు లోతు మట్టికి సుమారు 2.6 లక్షల యూనిట్లు, 18 లక్షల రూపాయలకు పైగా కరెంటు బిల్లు తేలుతుంది. ఎలక్ట్రోడ్లు, రసాయనాలు, తోడిన ద్రావణం శుద్ధి దీనికి అదనం.

అన్ని చోట్లా ఇంత సాఫీగా జరగలేదు. అమెరికాలోని కాలిఫోర్నియా తీరాన, పాయింట్ ముగూ నౌకాదళ స్థావరంలో లోహపు పూతల వ్యర్థాలు వదిలిన గుంటల్లో క్రోమియం, కాడ్మియంలను తొలగించడానికి 1998లో చేసిన ప్రయత్నం సముద్రపు ఉప్పు వల్ల చిక్కుల్లో పడింది. క్లోరైడు ఎక్కువగా ఉన్నచోట ధనధ్రువం దగ్గర విద్యుత్తు ఆమ్లాన్ని పుట్టించే బదులు క్లోరినును పుట్టిస్తుంది. ఆమ్లం మట్టిలోకి చొరబడటం ఆలస్యమవుతుంది, విషవాయువు ఒక కొత్త సమస్యవుతుంది. నేలలో పాతుకుపోయిన ఇనుప గొట్టాలు, రేకు ముక్కలు కూడా విద్యుత్తును తమవైపు మళ్లించుకుని మట్టికి అందనివ్వవు. రుణధ్రువం వద్ద పుట్టే హైడ్రోజన్ మండే వాయువు కనుక దానికి గాలి తోవ విడిచిపెట్టాలి, ఆవరణలోకి మనుషులూ పశువులూ అడుగుపెట్టకుండా కంచె వేయాలి.

ఈ అనుభవాలన్నిటినుంచీ తెలుగు ప్రాంతాలకు తీసుకోవలసిన విషయం మట్టి రకానికి సంబంధించినది. పటాన్‌చెరు పరిసరాల్లో గ్రానైటు రాయి నుంచి పుట్టిన ఎర్రనేలలూ ఉన్నాయి, నల్లరేగడీ ఉంది. ఎర్రనేలల్లో ఎక్కువగా కనిపించే కయోలినైటు అనే ఖనిజం లోహాన్ని అంత గట్టిగా పట్టుకోదు, ఆమ్లాన్నీ పెద్దగా ఎదిరించదు. ప్రపంచంలోని ప్రయోగశాలలు ఎక్కువగా పరీక్షించి మంచి ఫలితాలు చూపినది ఈ ఖనిజం మీదే. నల్లరేగడి సంగతి వేరు. తడిస్తే ఉబ్బి ఎండితే నెర్రెలిచ్చే మాంట్‌మోరిల్లోనైటు ఖనిజం అందులో ప్రధానం, దానికి అయాన్లను పట్టి ఉంచే శక్తి ఎన్నో రెట్లు ఎక్కువ. అంతకంటే పెద్ద అడ్డంకి ఆ నేలల్లో కంకరగా, పొడిగా కలిసి ఉండే సున్నపురాయి అంశం. ఒక ఆంపియరు కరెంటు ఒక రోజంతా పారితే పుట్టే ఆమ్లం సుమారు 45 గ్రాముల సున్నపురాయిని కరిగించగలదు. టన్నున్నర బరువుండే ఘనమీటరు మట్టిలో సున్నపురాయి అయిదు శాతమే ఉందనుకున్నా అది 75 కిలోలు. దాన్ని కరిగించడానికే మూడు ఆంపియర్ల కరెంటు దాదాపు 550 రోజులు పారాలి, వంద వోల్టుల మీద అయితే ఆ విద్యుత్తు నాలుగు వేల యూనిట్లు. గ్రోనింగన్‌లోని 65 యూనిట్ల లెక్క పక్కన ఈ అంకెను ఉంచితే, ఒక దేశపు మట్టిలో వచ్చిన ఫలితాన్ని మరో దేశపు మట్టికి నేరుగా అన్వయించడం ఎంత పొరపాటో తెలుస్తుంది. నల్లరేగడిలో ఆమ్లం మీద ఆశ పెట్టుకోకుండా, క్షార స్థితిలోనే సీసాన్ని పట్టుకోగల ఈడీటీఏ వంటి పదార్థాలను ఆశ్రయించాలి. అయితే ఈడీటీఏ త్వరగా నశించదు గనుక, లోహాన్ని పట్టుకున్న ఆ ద్రావణం భూగర్భ జలంలోకి జారకుండా కాపలా కాయాలి.

ఒక్క క్రోమియం విషయంలో మాత్రం నల్లరేగడి క్షార గుణమే మేలుచేస్తుంది. పరిశ్రమలనుంచి వచ్చే క్రోమియంలో కాన్సరు కారకమైనది ఆరు సంయోజకత గల రూపం, అది క్రోమేటుగా నీటిలో కరిగి రుణావేశంతో తిరుగుతుంటుంది. ఆమ్ల నేలలో అది రేణువులకు అంటుకుంటుంది, ఇనుముతోనో కర్బనంతోనో కలిసి అంతగా కదలని మూడు సంయోజకత రూపంలోకి మారుతుంది. క్షార నేలలో మాత్రం స్వేచ్ఛగా ధనధ్రువం వైపు కదిలివస్తుంది. అమెరికాలోని సాండియా జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తలు 1990ల్లో నీటిమట్టానికి పైన, చెమ్మ మాత్రమే ఉన్న నేలనుంచి క్రోమేటును ఈ విధంగా వెలికితీసి చూపారు. కనుక ఏ లోహం, ఏ రూపంలో, ఏ మట్టిలో అన్న మూడు ప్రశ్నలకు సమాధానం తెలియకముందు ఎలక్ట్రోడు నాటడం డబ్బును మట్టిలో పోయడమే. మట్టిలోని మొత్తం సీసం ఎంతో చెప్పే పరీక్ష ఇక్కడ చాలదు. అందులో ఎంత భాగం రేణువులకు పైపైన అంటి ఉంది, ఎంత సున్నంతో కలిసి ఉంది, ఎంత ఖనిజపు గర్భంలో బిగిసి ఉంది అనేది వరుసగా వేర్వేరు ద్రావణాలతో కడిగి తేల్చాలి. చివరి భాగాన్ని విద్యుత్తు కదిలించలేదు, అదృష్టవశాత్తూ మొక్క వేరు కూడా దాన్ని సులభంగా తీసుకోలేదు.

ఈ ఖర్చునూ శ్రమనూ చూస్తే, మూసీ మురుగునీటితో పారా గడ్డీ కూరగాయలూ పండే వేల ఎకరాలకు ఈ పద్ధతి తగినది కాదు. అక్కడ చేయవలసిన మొదటి పని నీటిలోకి లోహం రాకుండా ఆపడం. లోహపు పూతలు వేసే షెడ్ల వెనుక గుంటలు, పాత బ్యాటరీలను పగలగొట్టి సీసం కరిగించిన స్థలాలు, తోళ్ల పరిశ్రమల వ్యర్థాలు పోసిన చోట్లు వంటి, కొద్ది సెంట్ల విస్తీర్ణంలో గాఢమైన విషం దాచుకున్న బంకనేలలకే ఇది తగును. అటువంటి ఒక గుంటను బాగుచేస్తే దాని చుట్టూ ఉన్న బావులన్నిటికీ ఊట ద్వారా చేరే విషం తగ్గుతుంది కనుక, ఎకరాల లెక్కన చిన్నదిగా కనిపించే పని ఊరి ఆరోగ్యం లెక్కన చిన్నది కాదు.

విద్యుత్తు ఆపేసిన నాటికి పని పూర్తికాదు. రుణధ్రువపు గోతుల్లో తోడిన ద్రావణానికి సున్నం కలిపి లోహాన్ని బురదగా గడ్డకట్టించి, ఆ కొద్ది బురదను ప్రమాదకర వ్యర్థంగానే భద్రపరచాలి. వేల టన్నుల మట్టిని తరలించే బదులు కొద్ది పరిమాణంలో బురదను తరలించడమే ఈ పద్ధతి ఇచ్చే లాభం. ఇక మిగిలిన మట్టి ఒక పక్క ఆమ్లమై, మరో పక్క క్షారమై ఉంటుంది. విషంతోపాటు కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం కూడా కొట్టుకుపోయి ఉంటాయి, సూక్ష్మజీవులు చాలావరకు చచ్చిపోయి ఉంటాయి. ధనధ్రువం వైపు సున్నం చల్లి, అంతటా పశువుల ఎరువు కలిపి, పీహెచ్ కుదుటపడేదాకా నీరు పెట్టి, ఆ పైన అక్కడ పెంచిన మొక్కల ఆకుల్లోనూ పక్క బావి నీటిలోనూ లోహాన్ని కొలవాలి. గుత్తేదారుకు చివరి బిల్లు చెల్లించవలసింది ఆ కొలతలు చేతికొచ్చాకే గాని, మీటరు మీద తిరిగిన యూనిట్లను చూసి కాదు.